చార్మినార్ దగ్గర మరిచిపోయిన పీట

నేను ఒక మడతపీటను. రాణిగంజ్‌లో ఇనుప సామాన్ల దుకాణం వెనక గొట్టాలు వంచి, కాళ్ళు చేసి, పైన ఖాకీ కాన్వాసు బిగించి కుట్టారు నన్ను. విప్పితే ఆసనం, మడిస్తే చంకలో ఇమిడిపోతాను.

మొదట ఒక పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు కొన్నాడు. ఆయన నామీద ఒక్కనాడూ కూర్చోలేదు, తలంబ్రాలు పైనుంచి తీయడానికి బూట్లతో ఎక్కి నిలబడేవాడు. కూర్చోవడానికి చేసిన వస్తువు మీద నిలబడటం మనుషులకు ఎందుకంత ఇష్టమో నాకు అంతుబట్టలేదు. తర్వాత గాల్లో ఎగిరే కెమెరా కొనుక్కుని నన్ను గడప బయట పెట్టేశాడు. పక్కవాటాలో ఉండే బాలమణి నన్ను విప్పి, అరచేత్తో దుమ్ము దులిపి, దిట్టంగా కూర్చుంది. నా బతుకులో నామీద కూర్చున్న మొదటి మనిషి ఆమె.

బాలమణి సిటీ బస్సులో కండక్టరుగా చేసి అప్పుడే రిటైరైంది. ఉప్పల్ నుంచి చార్మినార్‌కు పోయే బస్సులో ఏళ్ళకేళ్ళు నిలబడి మోకాళ్ళు అరగదీసుకుంది. రెండు చిప్పలూ మార్చాలని డాక్టరు చెప్పాడు. ఆపరేషనుకు ఇంకా వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో పాతబస్తీ అంతా కాలినడకన చూస్తానని ఆమె పట్టు పట్టింది.

"రోజూ పోయిన ఊరే కదనే అమ్మా, కొత్తగ ఏం చూస్తవు?" అంది కూతురు శ్రీలత.

"ఊరెక్కడ చూసిన బిడ్డా? దిగేటోళ్ళ మెడలు చూసిన, ఎక్కేటోళ్ళ చేతులు చూసిన."

తోడుగా మొగులయ్య వచ్చాడు. ఆ బస్సుకు ఆయనే డ్రైవరు. ఇద్దరూ ఆదివారం పొద్దున నయాపూల్ దగ్గర మొదలుపెట్టేవారు. కాసేపు నడక, కాసేపు నామీద కూర్చోవడం. పత్తర్‌గట్టి రాతి కమానుల కింద ఆమె నన్ను వేసుకుని తలెత్తి చూస్తుంటే, ఏదో అయిందనుకుని ఒకాయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. లాడ్‌బజార్‌లో లక్కను నిప్పు మీద మెత్తబరిచి, గుండ్రంగా తిప్పి, రాళ్ళు అద్దే పనివాడి ఎదురుగా కూర్చుంటే, ఆమెను దుకాణందారు అనుకుని ఇద్దరు ఆడవాళ్ళు గాజుల ధర అడిగారు. బాలమణి తడబడకుండా మంచివి ఏరి వాళ్ళ చేతులకు తొడిగింది కూడా.

గుల్జార్‌హౌజ్ దగ్గర మొగులయ్య నడిరోడ్డు మీది ఫౌంటెన్ చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు.

"దీన్ని తిట్టుకుంటనే చుట్టూ స్టీరింగు తిప్పిన చెల్లె. నడిమిట్ల అడ్డమున్నదనుకున్న గని, ఇంత సక్కటి నీళ్ళ హౌజని నేనెన్నడు చూడనేలే" అన్నాడు.

"అద్దంల వెనకొచ్చేటోళ్ళనే చూస్తివి గద మొగులన్నా" అంది బాలమణి.

ఆపరేషను దగ్గరపడింది. చూడవలసినది ఒక్కటే మిగిలింది, చార్మినార్ పైఅంతస్తు. శ్రీలత ఈసారి గట్టిగా అడ్డుపడింది. మెట్లు ఎక్కవద్దని డాక్టరు తన ముందే చెప్పాడంది. ఆపరేషనయ్యాక తానే తీసుకుపోతానంది.

"అయినంక కాళ్ళు ఎట్లుంటయో ఎవరికెరుక" అంది బాలమణి. "నన్ను ఇన్నేండ్లు నిలబెట్టినయి ఇవి. నాకేమో వీటితోనే ఎక్కాలనుంది."

శ్రీలత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బాలమణి కూతురి చెంప నిమిరింది గానీ మాట మార్చలేదు.

ఆ ఆదివారం గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగంలో నస్రీన్ అనే అమ్మాయి ఉంది. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. "పీట పైకి పోదమ్మా. మెట్లు మస్తు ఇరుకు, తిరుగుకుంట పోతయి."

బాలమణి నన్ను మొగులయ్య చేతికిచ్చి, చెంగు దోపుకుని ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఆయన నామీద కూర్చున్నాడు. చాలాసేపటికీ ఆమె రాలేదు. ఆయన కాలు ఆడిస్తుంటే నా గొట్టాలు కిర్రుమన్నాయి. దిగివచ్చేవాళ్ళలో ఒకతన్ని అడిగాడు.

"ఒకామె సగంల గోడ పట్టుకొని నిలబడ్డది" అన్నాడతను. "కాలు వంగుతలేదట. అయినా జరుగుండ్రి, జరుగుండ్రి అని అందర్ని ముందటికి పంపుతున్నది."

మొగులయ్య నన్ను అక్కడే వదిలి మెట్లవైపు పరుగెత్తాడు.

జనం కాస్త పలుచబడ్డారు. నస్రీన్ అటూ ఇటూ చూసి, నన్ను గోడవారకు జరిపి, నెమ్మదిగా కూర్చుంది. మడమలు బూట్లలోంచి బయటికి తీసింది. ఆమె ఒంట్లోంచి బరువు నా కాన్వాసులోకి దిగుతుంటే, పొద్దుటి నుంచీ ఆమె నిలబడే ఉందని నాకు తెలిసింది.

బాలమణి, మొగులయ్య కలిసే దిగివచ్చారు. ఇద్దరి ముఖాలూ చెమటతో మెరుస్తున్నాయి. మొగులయ్య ఆయాసపడుతూనే నస్రీన్‌కు చెప్పాడు. "వాపస్ పోదాం పా చెల్లె అన్న. కిందికి దిగినా ఇవే మెట్లు గద, పైకే పోదాం అన్నది. నా భుజం మీద చెయ్యేసి ఎక్కింది. పైకెక్కినంక మా బస్సొచ్చే తొవ్వ దిక్కు చూసుకుంట అట్లనే నిలబడ్డది. నేనే తొందరపెట్టి దింపిన."

అప్పటికే నస్రీన్ నామీంచి దిగ్గున లేచి నిలబడింది. "మాఫ్ చేయండమ్మా, జర కూసున్న. ఇక్కడ కుర్చీ పెడితే జనానికి అడ్డం తగులుతదని మాకు ఇయ్యరు."

బాలమణి ఆమె వాచిన మడమలను చూసింది. "పీట ఉంచుకో బిడ్డా. మడిస్తే ఎవరికీ అడ్డం రాదు."

"వద్దమ్మా. మీ సామాను నేనెట్ల తీసుకుంట?"

"నేనెక్కడ ఇస్తున్న? మరిచిపోతున్న. బస్సుల మరిచిపోయిన సామాను కండక్టరు కాపాడాలె. గేటు కాడ మరిచింది నువ్వు కాపాడాలె." నస్రీన్ నవ్వు ఆపుకోలేకపోయింది.

"మరి ఆటోదాక ఎట్ల పోతవు?" అన్నాడు మొగులయ్య.

"నడుస్త" అంది బాలమణి. కుంటుతూనే వెళ్ళింది. నావైపు తిరిగి చూడలేదు. కాస్త బాధపడ్డాను. నస్రీన్ మళ్ళీ కూర్చునేసరికి ఆ బాధకు తీరిక లేకపోయింది.

ఎండకు నా ఖాకీ గుడ్డ పెళుసెక్కి చిరిగింది. నస్రీన్ పాత ఫ్లెక్సీ ముక్క తెచ్చి కుట్టించింది. దానిమీద ఎవరో నాయకుడి చెవీ సగం మీసమూ ఉన్నాయి. ఊరంతటికీ దండం పెట్టిన ఆ పెద్దమనిషి మీద ఇప్పుడు నస్రీన్ నింపాదిగా కూర్చుంటుంది.

చలికాలంలో ఒకనాడు బాలమణి వచ్చింది. కొత్త మోకాళ్ళతో, నిటారుగా, నెమ్మదిగా. వెంట శ్రీలత. నస్రీన్ గబగబా లేచి నన్ను మడిచి ముందుకు చాపింది. "అమ్మా, మీ పీట."

బాలమణి నన్ను ఎగాదిగా చూసింది. చెవిని చూసింది, మీసాన్ని చూసింది.

"నాది ఖాకీది బిడ్డా. ఇది నాది కాదు" అని, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లవైపు నడిచింది.

"మెల్లగనే అమ్మా" అంటున్న శ్రీలత గొంతు మెట్ల మలుపులో వినబడకుండా పోయేదాకా నస్రీన్ నిలబడి చూసింది. ఆ తర్వాత నన్ను విప్పి కూర్చుంది.