చాప మీద చోటు

టీచర్ల ట్రైనింగు రోజు ఫల్గుణ చేయవలసిన పనులు: చాపలు దులపాలి, చార్టులు అంటించాలి, సంతకాలు పెట్టించాలి, పన్నెండు మందికి టీ చెప్పాలి. సాయంత్రంలోగా ఏడో తరగతి నిర్మలకి టీసీ ఇవ్వకుండా ఆపాలి. ఈ ఆఖరి పని కాగితం మీద లేదు.

ఫల్గుణ పొట్టివాడు. నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, కొండలెక్కి బిగిసిన పిక్కలు. వాళ్ళ ఊళ్ళో పది పాసైన మొదటివాడు. పద్దెనిమిదేళ్ళుగా కొండమీది బడుల్లోనే ఉద్యోగం. ప్రమోషన్ రాలేదు గానీ, పిల్లల్ని కొట్టకుండా దారిలో పెట్టడమెలాగో తోటి టీచర్లకి నేర్పమని పిలుపు వచ్చింది. ఆ పని మీదే ఈ ఆశ్రమ పాఠశాలకి వచ్చాడు.

ఇక్కడ నిర్మల, తన తోటి పిల్ల సరళ దుప్పటిని ఇంటికి పట్టుకుపోయింది. డిసెంబరు చలికి సరళ జ్వరపడింది. "దొంగతనం దొంగతనమే మాస్టారూ, టీసీ రాసేశాను," అన్నాడు హెడ్మాస్టరు రమణమూర్తి. టీసీ ఇస్తే ఆ గుంట మళ్ళీ బడి మొహం చూడదని ఫల్గుణకి తెలుసు. ట్రైనింగులోనే ఈ తగువు తీరుద్దామని ఒప్పించాడు.

టీచర్లు గుండ్రంగా కూర్చున్నారు. రమణమూర్తి సరళని ఓ పక్కన కూర్చోబెట్టి, నిర్మలని తెచ్చి సరిగ్గా మధ్యలో నిలబెట్టాడు.

ఫల్గుణ నవ్వాడు. "కోర్టు కాదు కదండీ. మా ఊరి తగువుల్లో తప్పు సేసినోడూ అందరితోపాటే కూకుంటాడు. నిలబెడితే నోరు పెగలదు." జరిగి, తన చాప మీద నిర్మలకి చోటిచ్చాడు. "సరళమ్మా, ముందు నువ్వు సెప్పు."

"రాత్రల్లా వణికిపోనాను సార్."

"నీకేటి కష్టమొచ్చిందే నిర్మలా?"

నిర్మల చాప అంచు గిల్లింది. "మాయమ్మకి బిడ్డ పుట్టింది. కప్పడానికి ఏటీ నేదు."

"నీ దుప్పటి ఇవ్వొచ్చుగా!" అన్నాడు రమణమూర్తి.

"నాదానికి సిల్లులండి. పసిగుంటకి గాలి తగిలిపోద్ది."

ఎవరో కిసుక్కుమన్నారు. నిర్మల తలెత్తలేదు. "ఆదివారం తెచ్చిచ్చేత్తాను. అందాకా నాది సరళకిత్తాను."

"ఆ సిల్లులది నాకొద్దు," అంది సరళ. మళ్ళీ తనే, "ఇద్దరం కలిసి కప్పుకుంటాం. సిల్లులు మాత్రం నీ వైపే," అంది.

రమణమూర్తి నిర్మల వైపు తిరిగాడు. "స్టోరులో కంబళి ఉంది. పసిదానికి పట్టుకెళ్ళు." జేబులోని టీసీ తీసి నాలుగు ముక్కలు చేశాడు.

ఆఖరి జీపు కోసం పరిగెత్తుతూ ఫల్గుణ మఫ్లరు బడిలోనే మర్చిపోయాడు. "మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటాలెండి!" అని, కదిలిపోతున్న జీపులోంచి అరిచాడు.

మళ్ళీ రాలేదు. వానాకాలంలో మలేరియా తగిలి, మూడు రోజుల్లో పోయాడు. అప్పటికి నిర్మల ఎనిమిదో తరగతిలో ఉంది.

ఇది చదివినవారు ఫల్గుణ మాస్టారిని ఒక్కసారి తలుచుకోండి. ఆ బడి ఆఫీసులో మేకుకి ఆకుపచ్చ మఫ్లరు ఇంకా వేలాడుతోంది, ఒక కొసన నూలు ఊడి.