ఏడవని పిల్ల

పెద్ద సిస్టర్ చెయ్యి తేలికని ప్రసూతి వార్డంతా చెప్పుకునేది. పుట్టిన మూడో రోజు పసివాళ్ల మడమ మీద సూదితో చిన్న పోటు పొడిచి, అట్టకాగితం మీద గీసిన అయిదు గుండ్రాల్లో రక్తపు చుక్కలు నింపి, ఆరబెట్టి ల్యాబుకు పంపడం అక్కడి రోజువారీ పని. థైరాయిడ్ గ్రంథి పని చేయని పిల్లలు పుట్టినప్పుడు అందరిలాగే ముద్దుగా ఉంటారు. వాళ్లను పట్టిచ్చేది ఆ చుక్కలే. మొదటి రెండు వారాల్లోపు మాత్ర మొదలుపెడితే బెంగ లేదు, ఆలస్యమైన కొద్దీ మెదడు ఎదుగుదల దెబ్బతింటుందని ఇరవై ఆరేళ్లుగా ఆవిడ ప్రతి తల్లికీ పాఠంలా అప్పజెబుతోంది. చెప్పేవాళ్లకు చెవులుండవు కాబోలు.

ల్యాబువాళ్లకు అనుమానం వస్తే 'మళ్లీ రక్తం తీసి పంపండి' అని చీటీ రాస్తారు. అది పెద్ద సిస్టర్ చేతికే వస్తుంది. తల్లిని పిలిపించి, రిజిస్టరులో రాయాల్సిందీ ఆవిడే. అలా పిలిచినవాళ్లలో చాలామందికి ఏమీ ఉండదు. గుండ్రం నిండకపోవడమో, చుక్క మీద చుక్క పడటమో అయివుంటుంది. అందుకే చీటీ వచ్చినప్పుడల్లా ఆవిడ కొత్తగా చేరిన సిస్టరును పట్టుకుని దులిపేది.

"నీ బదులు దోమను పెట్టుకుంటే నయం కదే. అదైనా ఒక్క పోటుకే రక్తం తీస్తుంది."

వార్డంతా నవ్వేది. కొత్త సిస్టర్ తలొంచుకుని ఇంకో కార్డు తీసుకునేది.

కోడలికి ఆడపిల్ల పుట్టినప్పుడు, మనవరాలి కాలు ఇంకొకరి చేతికివ్వనని పెద్ద సిస్టరే స్వయంగా రక్తం తీసింది. అయిదు గుండ్రాలూ అచ్చు వేసినట్టు నిండాయి. ఎనిమిదో రోజు చీటీ వచ్చింది. దాని మీద కోడలి పేరుంది.

ఆవిడకు ముందు పిల్ల గుర్తు రాలేదు. దోమ గుర్తొచ్చింది. తన కార్డూ వెనక్కొచ్చిందని తెలిస్తే వార్డులో తలెత్తుకోగలనా అనుకుంది. చీటీని మడిచి రిజిస్టరు అట్ట లోపల దోపింది. ల్యాబువాళ్లే ఎక్కడో పొరబడి ఉంటారు, తీరిక చూసుకుని ఇంట్లోనే మళ్లీ తీద్దామనుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇవాళ, రేపు అంటూనే పదకొండు రోజులు గడిచాయి.

ఇంట్లో పిల్లను చూసి అందరూ మురిసిపోయారు. ఏడవదు, పేచీ పెట్టదు, పాలకు కూడా లేపాల్సిందే. "మా అమ్మ బంగారం, పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టదు" అని పెద్ద సిస్టరే అందరికంటే ఎక్కువ పొగిడింది.

పంతొమ్మిదో రోజు ల్యాబు నుంచి ఫోనొచ్చింది. "సిస్టరమ్మా, ఆ పాప రెండో రక్తం ఇంకా రాలేదేంటి? మొదటి పరీక్షలో అంకె చాలా ఎక్కువుందండీ. కార్డు మాత్రం చక్కగా ఉంది."

కార్డు చక్కగా ఉంది. అంటే లోపం పిల్లలోనే. ఇంటికి పరుగెత్తి పిల్లను ఎత్తుకుంది. చర్మం చల్లగా, పొడిగా తగిలింది. అరికాలు గోటితో గీరితే పిల్ల కళ్లు తెరిచి, బొంగురుగా ఒక్క మూలుగు మూలిగి మళ్లీ నిద్రపోయింది. ఈ లక్షణాలన్నీ ఆవిడ పరాయి తల్లులకు వేళ్లమీద లెక్కపెట్టి చెప్పినవే.

ఆ సాయంత్రమే డాక్టరు రక్తం తీయించి, మాత్ర మొదలుపెట్టింది. పొడి చేసి, చెంచాడు తల్లిపాలలో కలిపి రోజూ పొద్దున పట్టమంది. స్కాను చూసి, "గ్రంథి ఉండాల్సిన చోటే ఉంది. హార్మోను తయారుచేసే జన్యువులో లోపం ఉన్నట్టుంది, పరీక్షకు పంపుతాను" అంది.

కోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నావల్లేనా డాక్టరుగారూ?"

చెప్పుకోవడానికే సిగ్గుచేటు, ఆ క్షణాన పెద్ద సిస్టర్ మనసు కాస్త తేలికపడింది.

"ఒక్కరివల్ల వచ్చేది కాదమ్మా. ఇలాంటివి ఎక్కువగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కలిస్తేనే బయటపడతాయి. ఒకటే ఉన్నవాళ్లకు ఉన్నట్టు కూడా తెలీదు. మీ ఆయనకు వాళ్ల అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చుంటుంది. అందులో ఎవరి తప్పూ లేదు." డాక్టరు కాగితాలు తిరగేసింది. "తప్పల్లా ఈ ఆలస్యమే. ల్యాబువాళ్లు ఇన్నాళ్లు నిద్రపోయారా? గట్టిగా రాస్తానుండండి."

"అత్తయ్య కనిపెట్టబట్టి సరిపోయింది" అంది కోడలు, ఆవిడ చెయ్యి పట్టుకుని. "లేకపోతే పిల్ల ఏమైపోయేదో."

పెద్ద సిస్టరుకు తల కొట్టేసినట్టయింది. ఊరుకుంటే నింద ల్యాబు మీదికి పోతుంది. ఆ చెయ్యి తన చేతిలోనే ఉంటుంది.

"ల్యాబువాళ్లు ఎనిమిదో రోజే చెప్పారు" అంది. "చీటీ నేనే దాచాను. నా కార్డు తప్పుపట్టారని నామోషీ అనిపించింది."

కోడలు చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

రెండు వారాలకు మళ్లీ రక్తం తీయాల్సి వచ్చింది. పెద్ద సిస్టర్ అలవాటుకొద్దీ సూది అందుకోబోయింది.

"మీరొద్దత్తయ్యా. ఆ అమ్మాయి తీస్తుంది."

కొత్త సిస్టర్ మడమ మీద పొడిచింది. పిల్ల ఒక్కసారి ఊపిరి బిగబట్టి, వార్డు దద్దరిల్లేలా ఏడుపందుకుంది. కోడలు నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ పిల్లను గుండెకు హత్తుకుంది. పెద్ద సిస్టర్ గోడకానుకుని నిలబడింది. దగ్గరికి వెళ్లడానికి ముఖం చెల్లలేదు.

కొత్త సిస్టర్ రిజిస్టరు తెచ్చి, 'ఆలస్యానికి కారణం' అన్న గడి దగ్గర ఆగింది. అటూ ఇటూ చూసి, 'చిరునామా దొరకలేదు' అని గబగబా రాసేసింది.

పెద్ద సిస్టర్ ఆ కలం అందుకుంది. "వాళ్ల చిరునామా మా ఇల్లే కదమ్మా" అంటూ ఆ మాట కొట్టేసి, గుండ్రని అక్షరాలతో తన పేరు రాసింది.