మలుపు దగ్గరి చప్పుడు

మా కార్ల సంఘంలో ఒకరి అభిప్రాయం ఇంకొకరికి నచ్చదు. బహుశా అందుకే సంఘం ఇన్నేళ్ళు నిలబడింది. ఆదివారం పొద్దున్నే మూతబడిన సినిమా హాలు పార్కింగులో కార్లు వరసగా పెట్టుకుని, బానెట్లు ఎత్తి, ఎవరు పట్టిన కుందేటికి వాళ్ళు మూడే కాళ్ళంటూ మధ్యాహ్నం దాకా వాదించుకుంటాం. నేను అధ్యక్షుణ్ణి. పార్కింగు గేటు తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి అందరికన్నా ముందు వస్తాను, అందరూ వెళ్ళాక వెళ్తాను. మిగతా వారమంతా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాను.

నా కారు పాతది. పెళ్ళికి ముందే కొన్నాను. ఆనాటి నుంచి దాని స్టీరింగు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. మెకానిక్ నడిపి చూడక తప్పనప్పుడు మాత్రం నేనూ పక్క సీట్లో కూర్చుంటాను. నా భార్యకు డ్రైవింగ్ వచ్చు, లైసెన్సూ ఉంది, అయినా ఆఫీసుకు స్కూటర్ మీదే వెళ్తుంది. కొత్తల్లో ఒకసారి కారు తాళాలు అడిగితే కూర్చోబెట్టి క్లచ్ గురించి చాలాసేపు చెప్పాను. ఆమె ఓపిగ్గా విని లేచి వెళ్ళిపోయింది, మళ్ళీ అడగలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

అంత ప్రాణంగా చూసుకున్న కారును అమ్మాలనుకున్నానంటే దానికి కారణం టీవీ. శనివారం సాయంత్రం కార్ల మీద ఒక కార్యక్రమం వస్తుంది. దాన్ని నడిపే ఆయన ఎండాకాలంలో కూడా తోలు గ్లోవ్స్ తీయడు కాబట్టి మేం గ్లోవ్స్‌బాబు అంటాం. ఆయన ఏ కారు బాగుందంటే అది బాగున్నట్టు, ఏది దండగంటే అది దండగ. మా చెల్లెలు ఆ కార్యక్రమానికే సౌండ్ మిక్సింగ్ చేస్తుంది. మా ఇంట్లోనే పై గదిలో ఉంటుంది. గ్లోవ్స్‌బాబు గురించి నేను ఏదైనా అడిగితే "మామూలు మనిషే అన్నయ్యా" అని ఊరుకుంటుంది. ఉద్యోగం విలువ తెలియని పిల్ల అనుకునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట ఆ కార్యక్రమంలో ఒక కాన్సెప్ట్ కారును చూపించారు. ముందు ముందు ఇలాంటిది తయారు చేస్తామని కంపెనీవాళ్ళు ప్రదర్శనలో పెట్టే నమూనా అన్నమాట. వెండిరంగు ఒళ్ళు, సన్నటి లైట్లు. అది ఒక మలుపు తిరిగి కెమెరా వైపు వచ్చింది. దానితోపాటు ఒక చప్పుడు వచ్చింది. దూరంగా సన్నగా మొదలై, మలుపులో బరువెక్కి, దగ్గరికి వచ్చాక ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక్క క్షణం తడబడి, ఆ తర్వాత మెత్తగా ఆగిపోయింది. నా ఒళ్ళు జల్లుమంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా భార్య పక్కనుంచి చూసి "కారుకేనా?" అని అడిగింది. నాకూ అర్థం కాలేదు.

తర్వాతి ఆదివారం సంఘంలో దాని గురించే యుద్ధం. లారీల ఆఫీసులో పనిచేసి రిటైరైన డీజిల్ మామ అది ఆరు సిలిండర్ల గొంతేనని, కాకపోతే మీసం తీసేస్తానని పందెం వేశాడు. మందుల షాపు నడిపే టర్బో అది మూడు సిలిండర్లేనని, మిగతాదంతా సైలెన్సర్ మహిమని వాదించాడు. మిగతా విషయాల్లో బద్ధశత్రువులైన ఇద్దరూ ఒక్క మాట మీద మాత్రం కలిశారు. ఇలాంటి కారు రోడ్డు మీదికి వస్తే అధ్యక్షులవారు ఆ డొక్కును వదిలించుకోవాలి అన్నారు. డొక్కు అంటే నా కారు.

ఈ ఏడు ఆ కారు నిజంగానే అమ్మకానికి వచ్చింది. నడిపి చూడ్డానికి షోరూంలో బండి ఇంకా లేదన్నారు. అయినా నేను ఆగలేక అడ్వాన్సు కట్టేశాను. పాత కారు అమ్ముతానని ప్రకటన ఇస్తే, రాత్రి డ్యూటీలకు వెళ్ళిరావడానికి కావాలని ఒక నర్సు ఫోన్ చేసింది. ఆదివారం మధ్యాహ్నం వచ్చి నడిపి చూసి తీసుకెళ్తానంది. సరేనని మాట ఇచ్చాను. ఇంట్లో చెబితే నా భార్య స్కూటర్ తాళాలు తీసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయింది. మా అమ్మ మాత్రం "బాగానే నడుస్తోంది కదరా, దానికేం వచ్చింది?" అంది.

నర్సు రావడానికి ఇంకా మూడు రోజులున్నాయనగా షోరూంవాళ్ళు బండి వచ్చిందని కబురు చేశారు. దుకాణం కుర్రాళ్ళకు అప్పగించి పరిగెత్తాను. ఎక్కి కూర్చుని తాళం తిప్పాను. స్టార్టయిందో లేదో తెలియలేదు. నోట్లో గుడ్డలు కుక్కినట్టుంది. సేల్స్‌మన్ సంతోషంగా, దీని గొప్పదనమే అది సార్, లోపల చీమ నడిచినా వినబడుతుంది అన్నాడు. చీమ నడక వినడానికి నేను అడ్వాన్సు కట్టలేదు. నేను దిగి బయట నిలబడి, అతన్ని ఆవరణ చుట్టూ నడపమన్నాను. నా ముందునుంచి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. టేబుల్ ఫ్యాను తిరిగినట్టుంది, అంతే.

ఆ సాయంత్రమే సంఘాన్ని అత్యవసరంగా పిలిచాను. ఇంజను ఇంకా బిగువుగా ఉంటుంది, కొన్నాళ్ళు తిరిగితే గొంతు విచ్చుకుంటుందని డీజిల్ మామ అన్నాడు. పొగ రూల్స్ వచ్చాక అన్ని కార్ల గొంతులూ నొక్కేశారని టర్బో అన్నాడు. అసలు లోపం కారుది కాకపోవచ్చు, అధ్యక్షులవారు ఒకసారి చెవులు చూపించుకుంటే మంచిదని వెనకనుంచి ఇంకెవరో అన్నారు. మూడూ నిజమే అనిపించాయి. నా దుకాణానికి వచ్చేవాళ్ళకు అద్దాలు మార్చి మార్చి పెట్టి, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా అని అడుగుతుంటాను. కాసేపటికి వాళ్ళు బిక్కమొహం వేసి, రెండూ ఒకలాగే ఉన్నాయండీ అంటారు. వాళ్ళ మీద ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చున్నట్టుంది.

చివరికి ఆ ఎపిసోడ్ తీసినవాళ్ళనే అడిగితే పోలా అనుకుని మర్నాడు చెల్లెలి స్టూడియోకు వెళ్ళాను. గోడలకు గోనెలాంటి గుడ్డ కొట్టిన చిన్న గది. నా గోడు మొత్తం వెళ్ళబోసుకున్నాను. ఆమె చెవులకున్న హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుని నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఆ కాన్సెప్ట్ కారులో ఇంజనే లేదు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అది ప్రదర్శన కోసం చేసిన డొల్ల అట. పల్లంగా ఉన్న రోడ్డు మీద వెనకనుంచి నలుగురు తోసి వదిలితే దొర్లుకుంటూ వచ్చిందట. గ్లోవ్స్‌బాబు లోపల కూర్చుని స్టీరింగు తిప్పి, ఇంజను స్పందన అమోఘం అన్నాడట. ఇంజనున్న కార్లయినా అంతేనట. రోడ్డు మీద గాలి హోరూ ఆయన వాగుడూ కలిసిపోయి ఏదీ సరిగా వినబడదు కాబట్టి, ముందే రికార్డు చేసి దాచుకున్న చప్పుళ్ళు అతికిస్తారట.

"మరి ఆ చప్పుడు ఏ కారుది?"

"నీ కారుదే."

ఏదో తమాషా చేస్తోందనుకున్నాను. ఆమె కంప్యూటర్లో వెతికి ఆ చప్పుడు వినిపించింది. అదే. మళ్ళీ ఒళ్ళు జల్లుమంది. పని నేర్చుకునే రోజుల్లో రికార్డర్‌ను పై గది బాల్కనీలో పెట్టి దొరికిన ప్రతి చప్పుడూ పట్టేదాన్నని, సాయంత్రం నువ్వు దుకాణం కట్టేసి వస్తున్నప్పుడు పట్టింది ఇదని చెప్పింది.

"ఆ షాట్ చూస్తే మనవాళ్ళెవరో వస్తున్నట్టు ఉండాలన్నారు. నాకు ఇంకో చప్పుడు తట్టలేదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"కూరలో ఉప్పేశామని ఎవరైనా చెబుతారా? నువ్వెప్పుడు అడిగావు?" అని, ఆగి, "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావు" అంది.

నేను నమ్మలేదు. నా చెవులకు తెలియదా? నా కారుకూ ఆ చప్పుడుకూ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. పాత కారు అమ్మడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు కాబట్టి అందరూ కలిసి చెల్లెలి చేత ఈ మాట చెప్పించారేమో అనిపించింది. ఆ చప్పుడు ఫోన్లో వేయించుకుని కారెక్కాను. ఫోన్లో అది మోగుతుంటే, కారు నడుపుతూ రెండూ పోల్చాను. అద్దాలు దించి విన్నాను, ఎత్తి విన్నాను. డాష్‌బోర్డు గిలగిల, ఎడమ తలుపు కటకట, నా సీటు కిర్రు. ఇవి తప్ప నా కారులో ఇంకేం లేదు. ఇంటికి వచ్చి ఆ మాటే అన్నాను.

"లోపల కూర్చుంటే అలాగే ఉంటుంది. దిగి బయట నిలబడి విను" అంది చెల్లెలు.

"నేను దిగితే నడిపేదెవరు?"

"వదిన నడుపుతుంది."

నేను మాట మార్చాను.

ఆ రెండు రోజులూ నా పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. కొత్త కారులో ఆ చప్పుడు లేదు. పాత కారులో ఉందంటున్నారు గానీ నాకు వినబడదు. అసలు చూపించిన కారుకు ఇంజనే లేదు. మరి నేను దేనికోసం దేన్ని అమ్ముతున్నట్టు? అడ్వాన్సు కట్టాను, నర్సుకు మాట ఇచ్చాను, మాట తప్పడానికి నా దగ్గర సరైన కారణం ఒక్కటీ లేదు. దుకాణంలో ఒక పెద్దాయన కళ్ళజోడు ఇంకొకాయన చేతిలో పెట్టి పంపించేశాను.

ఆదివారం భోజనాల వేళకు, అత్తాకోడళ్ళిద్దరూ వంటింట్లో ఉండగా నర్సు వచ్చింది. ముక్కుసూటి మనిషి. టైర్లు తన్ని చూసింది, డిక్కీ తెరిచి చూసింది, తాళాలకోసం చెయ్యి చాపింది. నేను అలవాటుగా పక్క సీటు తలుపు తీశాను.

"మీరు వద్దండీ," అంది. "మీరు పక్కనుంటే కారు సంగతి తెలియదు, మీ సంగతే తెలుస్తుంది." నమ్మకం కోసం తన హ్యాండ్‌బ్యాగ్ మెట్ల మీద పెట్టింది.

తాళాలు ఇచ్చాను. నా కారు నేను లేకుండా గేటు దాటి వెళ్ళింది. ఆమె గేరు వేసిన తీరు చూసి పెదవి కొరుక్కోవడంతోనే సరిపోయింది గానీ, చప్పుడు మీద నా ధ్యాస లేదు. గేటు గాలికి మూసుకుని గడియ పడింది. నేను మెట్ల మీద, ఆ హ్యాండ్‌బ్యాగ్ పక్కన కూలబడ్డాను.

కాసేపటికి వీధి చివర సన్నగా వినబడింది. నేను తలెత్తాను. అది మలుపులో బరువెక్కింది. దగ్గరికి వస్తూ గొంతు సవరించుకున్నట్టు ఒక్క క్షణం తడబడింది. అదే. టీవీలోదీ, చెల్లెలి గదిలోదీ, నేను కన్నీళ్ళు పెట్టుకున్నదీ అదే.

ఇంతలో నా భార్య తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలినుంచి వచ్చింది. మెట్ల మీద ఉన్న నా పక్కనుంచే, నన్ను చూడకుండానే దిగి, వెళ్ళి గేటు గడియ తీసి, రెండు తలుపులూ బార్లా తెరిచింది. ఇన్నేళ్ళూ నేను వచ్చేసరికి గేటు తీసే ఉండేది. అది ఎప్పుడూ తీసే ఉంటుందనుకున్నాను.

వంటింట్లోంచి మా అమ్మ గొంతు వినబడింది. "అమ్మాయ్, పెద్దాడొచ్చాడు, కంచం పెట్టు."

కారు వచ్చి గేటులో ఆగింది. నా భార్య వెనక్కి తిరిగి, మెట్ల మీద నన్ను చూసి అక్కడే నిలబడిపోయింది. మా అమ్మ గుమ్మంలోకి వచ్చింది. కారు వైపు చూసింది, నా వైపు చూసింది.

"నువ్వు ఇక్కడుంటే, మరి వచ్చిందెవర్రా?"

నర్సు దిగి వచ్చి, ఇంజను ఫరవాలేదని, చప్పుడే కొంచెం ఎక్కువని తన అభిప్రాయం చెప్పి తాళాలున్న చెయ్యి చాపింది. నేను తీసుకున్నాను. కారు అమ్మడం లేదని, తనను అనవసరంగా తిప్పినందుకు క్షమించమని అడిగాను. పొద్దునే చెప్పి ఉంటే నా సెలవు రోజైనా మిగిలేది కదండీ అని ఆమె హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె కోపం న్యాయమే. మా అమ్మ మాత్రం ఇంకా జవాబు కోసం గుమ్మంలోనే ఉంది.

"నేనేనమ్మా" అన్నాను.

తర్వాత గేటు దగ్గరికి వెళ్ళి తాళాలు నా భార్య చేతిలో పెట్టాను. "ఒకసారి వీధి చివరిదాకా వెళ్ళి రా" అన్నాను.

ఆమె తాళాల వంక చూసింది. "క్లచ్ గురించి ఏమైనా చెప్పాలా?"

లేదన్నాను. ఆమె ఎక్కి కూర్చుని కారును వెనక్కి తీసి వెళ్ళిపోయింది. నేను గేటు మూసి, గడియ మీద చెయ్యి వేసి, మలుపు వైపు చెవి పెట్టి నిలబడ్డాను.