తొట్టి అడుగున ఏం పరవాలి

మంగళవారం పొద్దున వరహాలమ్మ రుచి నోట్లోంచి చేపతొట్టిలోకి మారుతుంది. నాలుక ఉన్నచోటే ఉంది. పప్పు వేసుకుంటే వేడి తెలుస్తుంది, మెత్తదనం తెలుస్తుంది, అంతే. రుచి మాత్రం ఆమె కర్రీ పాయింటు బల్ల మీది తొట్టిలో, జెల్లచేప మీసాల్లో ఉంటోంది.

జెల్లకు ఆరు మీసాలు, ఒక్కో రుచికి ఒక్కోటి. వరహాలమ్మ చెంచాడు పప్పుచారు తొట్టిలో ఒంపుతుంది. చేప మీసం ఆడిస్తుంది. చింతపండు ఎక్కువైందని ఆమెకు ఠక్కున తెలుస్తుంది. ఎంగిలి చెయ్యకుండా రుచి చూసే భాగ్యం ఏ వంటమనిషికి దక్కుతుంది గనక! రెండు రోజులు ఆమె మహా సంబరంగా వండుతుంది.

గురువారం తీపి పోతుంది. కర్రీ పాయింటులో తీపితో పనేముందని ఆమె పట్టించుకోదు. ఆ సాయంత్రం కాకరకాయ వేపుడులో చేదు లేదు. తొట్టి అద్దానికి ముక్కు ఆనించి చూస్తే సంగతి బయటపడుతుంది. తొట్టి అడుగున నీలంరంగు రాళ్లు ఉన్నాయి, గాజుపెంకుల్లా పదునుగా. చేప వాటిలో తిండి వెతుక్కుంటూ మీసాలు అరగదీసుకుంటోంది. ఉప్పు మీసం గోరంత మిగిలింది. అడిగే నాథుడు లేని వగరు మాత్రం నిక్షేపంగా ఉంది.

"కొలత పెట్టుకుని వండెయ్యే," అంటాడు భర్త సన్యాసిరావు.

"కొలతతో వండితే జనం కొలతే తింటారు."

పంతొమ్మిదేళ్లుగా ఆమె నాలుకను నమ్ముకునే పొయ్యి వెలిగిస్తోంది. ఉప్పు కూడా పోతే ఆర్పుకోవడమే. జెల్లను నీళ్లతో క్యారేజీలో పెట్టుకుని చేపల సామాన్లమ్మే పోలినాయుడి దుకాణానికి బయల్దేరుతుంది.

పోలినాయుడు ఏమీ ఆశ్చర్యపోడు. "మొన్న ఒకాయన కంటిసూపు పావురాల గూట్లోకి ఎల్లిపోనాదప్పా. ఆయన్ని దించలేక సస్తన్నారు. నీది నయం, నేల మారిస్తే సాలు."

ముందు క్యారేజీలో పాలరాతి ముక్కలు చిటికెడు వేస్తాడు. నీళ్లు గట్టిపడిపోతాయి. చేప గోడకు కొట్టిన మేకులా నడిమధ్యన ఆగుతుంది, వరహాలమ్మ దవడలు బిగుసుకుంటాయి. అతను ముక్కలు ఏరేశాక నీళ్లు మళ్లీ వదులవుతాయి. తర్వాత చెరువుమన్ను. చేప దాన్ని తాకీ తాకగానే ఆమె పళ్లసందులోంచి కలువకాడ ఒకటి రెండాకులతో బయటికొస్తుంది.

"ఇది మొక్కలు పెంచుకునేవోళ్లకి," అని పోలినాయుడు కత్తెరతో మర్యాదగా కత్తిరిస్తాడు.

చివరికి మూలనున్న గోనెలోంచి గుప్పెడు నాగావళి ఇసుక తీసి వేస్తాడు. జెల్ల దాని మీద గడ్డం ఆనిస్తుంది. వరహాలమ్మ నోరు మెత్తబడుతుంది. అప్పటిదాకా తానెంత భయపడిందో ఆమెకు అప్పుడు తెలుస్తుంది.

"ఇదే కావాల నాయనా."

"కడగాలప్పా."

"ఎన్ని నీళ్లు పొయ్యాల?"

"అది ఏ నదిదో మర్సిపోయేదాకా."

ఆమె బియ్యం కడిగినట్టు కడుగుతుంది. మొదటి నీళ్లలో ఒక వంతెన కొట్టుకుపోతుంది. నాలుగో నీళ్లలో గేదెలు. పదకొండో నీళ్లు తేటగా, ఎవరివీ కానట్టు ఉంటాయి. ఇసుక మీద కాస్త జాలిపడి, నీలంరాళ్లు తీసేసిన తొట్టిలో నాలుగు వేళ్ల మందాన పరిచి జెల్లను వదులుతుంది.

ఆదివారానికి మీసాలు చిగురిస్తాయి. పదకొండింటికి ఆమె చారు ఒంపి, ఎదురుచూసి, అలాగే పీట మీద కూలబడి ఏడుస్తుంది.

"ఏటే, కారమెక్కువైందా?" అంటాడు సన్యాసిరావు.

"కాదయ్యా. సరిపోనాది."

అప్పుడు జెల్ల ఇసుకలో తలదూరుస్తుంది. తోక కూడా లోపలికి పోతుంది. ఇసుక నాలుగు వేళ్లే, అయినా చేప దిగుతూనే ఉంది. వరహాలమ్మకు బల్ల చెక్క రుచి తగులుతుంది, తర్వాత సిమెంటు, తర్వాత నూతి బంకమన్ను, చాలాసేపు చల్లటి రాయి. ఆ రాయి కింద వెచ్చగా, ఉడుకుతున్న పప్పు. ఎవరో వండుతున్నారు. బాగానే వండుతున్నారు కానీ ఉప్పు లేదు.

ఉప్పు లేదని తెలిశాక ఆమె ఊరుకోలేదు. గాజులు పైకి తోసి, గుప్పెడు కల్లుప్పు బిగించి పట్టుకుని, చేతిని ఇసుకలోకి భుజందాకా దించుతుంది. అడుగున ఒక తడి అరచెయ్యి తెరుచుకుని ఉంది. ఉప్పు చేతికివ్వకూడదు, ఇస్తే తగువులొస్తాయి. కింద పెడదామంటే అక్కడ నేల లేదు. వరహాలమ్మ ఇచ్చేస్తుంది.

"ఎంతమందికమ్మా వండతన్నావు?" అని నీళ్లకు నోరు ఆనించి అడుగుతుంది.

కిందనున్న చెయ్యి ఆమె ఖాళీ అరచేతిలో వేలితో మనిషికొక గీత గీస్తుంది. మధ్యాహ్నం దాటినా గీతలు పడుతూనే ఉన్నాయి.