దగ్గు మందు

జల్లెడక్కను గేటు బయటికి గెంటిన రోజు నేను అక్కడే ఉన్నాను. అడ్డం వెళ్లలేదు. మిగతాదంతా చెప్పే ముందు ఆ సంగతి మీకు చెప్పాలి.

మాది బెరడు మిల్లు. చెట్ల ఎర్రటి బెరడు ఎండబెట్టి, దంచి, జల్లించి, ఉడికించి సారం తీస్తాం. ఆ సారంతోనే దగ్గు మందు చేసి సీసాల్లో పోస్తారు. పొడి గదిలో ముప్పై మంది ఆడవాళ్లం. గాలికి పొడి ఎగిరిపోతుందని కిటికీలకు మేకులు కొట్టేశారు. మధ్యాహ్నానికల్లా ఎదుటి మనిషి కనుబొమలు ఎర్రబడతాయి. ఉమ్మితే ఎరుపు. అది బెరడో రక్తమో పోల్చుకోలేం.

నేనూ జల్లెడక్కా పదిహేనేళ్లుగా ఒకే జల్లెడకు చెరో వైపు. ఆమెకు భర్త పోయాడు, పిల్లల్లేరు. మిల్లు వెనక ఒంటి గదిలో ఉండేది. ఒకరోజు తను దగ్గిన గుడ్డ తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టింది. ఆమె వెనక తలుపు దగ్గర నేను.

"ఇది బెరడు కాదు సార్, రక్తం. కిటికీలు తీయించండి. బయటి డాక్టరుకు మమ్మల్ని చూపించండి."

మేనేజరు నవ్వాడు. "దగ్గు మందు చేసేవాళ్లకే దగ్గొచ్చిందంటే ఎవరైనా నమ్ముతారా? రోజంతా మందే కదా పీలుస్తున్నారు, అదీ ఊరికే."

"మా అమ్మ నాటు వైద్యం చేసేది సార్. ఈ బెరడు నాకు చిన్నప్పట్నించీ తెలుసు. నీళ్లలో వేసి, నాలుగో వంతు మిగిలేదాకా మరిగించి, వడగట్టి చెంచాడు తాగితే మందు. పొడిగా పీలిస్తే ఒట్టి దుమ్ము."

"మిల్లుకు చెడ్డపేరు తెస్తున్నావు" అన్నాడు మేనేజరు. పది నిమిషాల్లో మేస్త్రీ ఆమెను రెక్క పట్టుకుని గేటు దాటించాడు.

మర్నాటి నుంచి ఆమె రోడ్డవతల, గేటుకు ఎదురుగా కూర్చునేది. ఒక్కతే. మేం వచ్చేసరికి ఉండేది, వెళ్లేటప్పుడూ ఉండేది. ఆమెతో మాట్లాడితే పని పోతుందని మేస్త్రీ చెప్పాడు. మేం తలలు వంచుకుని నడిచేవాళ్లం. నాలుగో రోజు "బాగున్నావా?" అని నన్ను అడిగింది. వినపడనట్టు వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆమె ఎవరినీ పలకరించలేదు. వాన పడితే గోడవారకు జరిగేది. ఒకసారి దగ్గుతెర వచ్చి రెండు చేతులూ నేలకు ఆనించుకుంది. మా మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. నేను దాటలేదు.

నెల తిరిగింది. మందు కొనే పెద్ద కంపెనీ వాళ్లు మిల్లు చూడటానికి వస్తున్నారన్నారు. ముందు రోజు మేస్త్రీ పొడి గదికి వచ్చాడు.

"దగ్గేవాళ్లు రేపు రావద్దు. వచ్చినవాళ్లు దగ్గొద్దు. గొంతు గరగరలాడితే మింగేయండి."

భోజనాల దగ్గర వాదన మొదలైంది.

"దగ్గేవాళ్లు రాకపోతే మిల్లుకు తాళమే" అంది మూటలు కుట్టే ముసలామె.

"ఒక్క రోజు నోరు మూసుకుంటే పోయేదేముంది? మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే" అంది పక్కనున్నామె.

"ఆమె ఇంట్లో ఎంతమందున్నారు?" అన్నాను, గేటు వైపు చూపిస్తూ. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మనందరి కోసం అడిగింది. మనం పలకరించడం కూడా మానేశాం. ముందు మానేసింది నేనే."

ముసలామె గిన్నెకు మూత పెట్టింది.

"నేను రేపు వస్తాను. దగ్గొస్తే ఆపుకోను. అంతే."

మర్నాడు అందరం వచ్చాం. అతిథులు ముక్కులకు గుడ్డలు కట్టుకుని లోపలికొచ్చారు. మేనేజరు దోసిట్లోకి పొడి తీసుకుని దాని గుణాలు చెబుతున్నాడు. కఫం కరిగిస్తుందట, పుండ్లు మాన్పుతుందట. ముసలామె దగ్గింది. మేస్త్రీ కొరకొర చూశాడు. ఆ మూల నుంచి ఇంకొకరు. నేను నెలల తరబడి మింగిందంతా ఒక్కసారి పైకొచ్చింది. ఎవరం నటించలేదు. ఆపుకోవడం మానేశాం, అంతే. గదంతా దగ్గుతుంటే మేనేజరు పెదవులు కదలడమే కనిపించింది.

అతిథుల్లో ఒకామె నా దగ్గరికొచ్చింది. "ఎన్నాళ్లుగా ఇలా?"

"రోడ్డవతల కూర్చున్నావిడ చెబుతుంది, రండి."

జల్లెడలు దించి అందరం బయటికి నడిచాం. ఆ అడిగినావిడతో సహా అతిథులు కారెక్కి వెళ్లిపోయారు. మేం రోడ్డు దాటాం.

జల్లెడక్క బెదురుగా లేచి నిలబడింది. తిట్టడానికి వస్తున్నామనుకుందట. "అక్కా" అన్నాను. ఆమె నా మొహం మీది పొడిని చేత్తో తుడిచింది.

అక్క అడిగినవే అడుగుతూ గేటుకు అడ్డంగా కూర్చున్నాం. పోలీసులు వచ్చి పదకొండు మందిని బండెక్కించారు. సాయంత్రానికి పది మందిని వదిలేశారు. అక్కను ఇంకా వదల్లేదు. లోపల ఒక్కతే ఉందని, దగ్గు గుమ్మం దాకా వినిపిస్తోందని స్టేషనులో నీళ్లు మోసే ఆవిడ చెప్పింది.

మిల్లు ఆగి ఆరు రోజులైంది. మేం గేటు దగ్గరే ఉన్నాం. మీలో మిల్లు పనివాళ్లుంటే షిఫ్టు దిగి రండి. డాక్టరు చదువు చదివేవాళ్లుంటే ఛాతీకి ఆనించి వినే గొట్టం తెచ్చుకోండి. ముందు స్టేషనుకు వెళదాం. ఆమె ఛాతీ విన్నవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు.