ముక్క తీసి చూడండి

హిందూపురంలోని ఒక నర్సింగ్ హోములో మారక్కకు మంచం కూడా ఇచ్చేశారు. ముట్లు ఆగిపోయి రెండేళ్లయిన మనిషికి నెల రోజులుగా మళ్లీ రక్తం కనిపిస్తోంది. స్కానింగు చూసిన డాక్టరు గర్భసంచి వాచిందని, మర్నాడే తీసేస్తానని చెప్పాడు. మొగుడు సుంకప్ప, వాళ్లు చూపించిన కాగితాల మీదల్లా వేలిముద్ర వేశాడు.

మారక్కకు మనసొప్పలేదు. రొద్దం దగ్గరి పల్లెలో ముప్పై ఏళ్లుగా గొర్రెలు మేపుతోంది. గొర్రె కాస్త డీలా పడినా నోరు తెరిచి, కనురెప్ప తిప్పి చూడందే మందు పోయదు. పైగా వదిన లక్ష్మీదేవికీ ఇట్లాగే గర్భసంచి తీశారు. తీసినదాన్ని ఎవరూ పరీక్షకు పంపలేదు. ఏడాది తిరక్కుండానే పొత్తికడుపంతా జబ్బు నిండి ఆమె పోయింది.

"సార్, నాకుండే రోగమేందో చెప్పండి," అని అడిగింది.

"తీసినాక తెలుస్తుందిలేమ్మా."

"ముందే తెల్సుకునే దోవ ల్యాదా?"

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపొచ్చుగానీ అదంతా కాలయాపన అన్నాడాయన. మారక్క మంచం దిగి చెప్పులు తొడుక్కుంది. సుంకప్పకు తల కొట్టేసినట్టయింది. "ఏమ్మే, డాక్టరు కంటే నీకెక్కువ తెలుసునా?" అన్నాడు.

"తెలీదు కాబట్టే అడుగుతాండా. చెప్పేవాళ్ల కాడికి పోదాం పా."

పెనుకొండ సర్కారు ఆసుపత్రిలో డాక్టరు హరిత లోపల పరీక్షించి, ముఖం సీరియస్‌గా పెట్టి, గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండులా ఉందని చెప్పింది. మారక్క ఆమె చెయ్యి పట్టుకుని, ముక్క తీసి చూడమంది. తీసేది గింజంత ముక్కే. కత్తి తగిలితే రోగం ఒళ్లంతా పాకుతుందని సుంకప్ప అడ్డుపడితే, అది ఉత్త భయమేనని హరిత నచ్చజెప్పింది.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్. హరిత దాచలేదు. ఒంట్లో కణాలు అవసరమైనంత మేరే పెరిగి ఆగుతాయని, ఇక్కడి కణాలకు ఆ ఆగడం తప్పిపోయిందని, పక్కనున్న కండలోకి చొరబడ్డాయని చెప్పింది. ఏళ్ల కిందట చేరిన వైరస్ దీనికి మూలమట. అది చాలామందికి సోకుతుంది, ఎక్కువమందికి దానంతటదే పోతుంది, కొందరిలోనే నిలిచిపోతుంది. అది ఎవరి తప్పూ కాదంది.

"మరి కోసి తీసేయొచ్చు గదమ్మా?" అన్నాడు సుంకప్ప నెమ్మదిగా.

గర్భసంచి దాటి పక్కలకు పాకింది కాబట్టి ఒక్క గర్భసంచి తీస్తే మిగిలింది లోపలే ఉండిపోతుందని హరిత చెప్పింది. దీనికి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి. దాంతోపాటు వారానికోసారి కీమో ఎక్కిస్తే ఆ కణాలు కరెంటుకు త్వరగా లొంగుతాయి. ఆనాడు మారక్క మంచం దిగకపోయుంటే ఏమయ్యేదో సుంకప్పకు అప్పుడు అర్థమైంది.

హరిత పంపిన బెంగళూరు ఆసుపత్రిలో ఇరవై అయిదు రోజులు బయటినుంచి కరెంటు పెట్టారు, ఆ తర్వాత నాలుగుసార్లు లోపలినుంచి. నీళ్లు తాగినా వాంతి, రోజుకు పదిసార్లు విరేచనాలు. మూడో వారంలో సుంకప్పే ఇంటికి పోదామన్నాడు. "సగం మేపిన మందను యాడైనా ఇడిసొస్తామా?" అని గోడ పట్టుకుని లేచి, కరెంటు గది ముందు వరుసలో నిలబడింది మారక్క.

మూడు నెలలకు చేసిన పరీక్షలో జబ్బు ఆనవాలు కనబడలేదు. కొన్నేళ్లపాటు మళ్లీ మళ్లీ చూపించుకోవాలని మాత్రం గట్టిగా చెప్పారు.

ఆ నెలలోనే ధర్మవరంలో చెల్లెలి కూతురి పెళ్లి. భోజనాల బంతిలో అందరికీ ఆకులు వేసి, మారక్కకు మాత్రం గోడవారగా వేరే చాప పరిచారు. చెల్లెలి అత్త సరస్వతమ్మ గొంతు తగ్గించి, ఆ రోగం పిల్లలకు అంటుకుంటుందేమోనంది. మారక్క చాప మీద కూర్చోలేదు. వచ్చి బంతి నడుమ కూర్చుంది.

"పక్కన కూకుని కూడు తింటే క్యాన్సరు అంటుకోదు," అంది, వాకిట్లోకి వినబడేలా. "నాకు గర్భసంచి కాడ వచ్చింది. కరెంటు పెట్టించుకున్నా. ముట్లు ఆగినాక మళ్లీ రక్తం కనిపిస్తే సిగ్గుపడి దాచుకోవద్దండి. ఊరికే కోయించుకోనూ వద్దండి. ముక్క తీసి చూడమని అడగండి. ఇంక వడ్డించమ్మా."

వడ్డించే పిల్ల ఒక క్షణం తటపటాయించి, ఆమె ఆకులో అన్నం పెట్టింది. సరస్వతమ్మ విసురుగా లేచి లోపలికి వెళ్లిపోయింది.

చేతులు కడుక్కునే చోట, బత్తలపల్లి నుంచి వచ్చిన నల్లమ్మ అనే నేతగత్తె మారక్క కొంగు పట్టుకుంది. "అక్కా, ఆర్నెల్లుగా నాకూ అట్లే ఉండాది. ఇంట్లో చెప్పలేదు."

మారక్క తడిచేతులు చీరకు తుడుచుకుని, పెనుకొండ బస్సు ఎన్నింటికుందో కనుక్కురమ్మని సుంకప్పను పంపింది.