బాధకు ఒత్తు

నాకు ప్రేమ నవలలంటే ఇష్టం. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరైన ఇందిరాదేవి ఈ మాట పైకి అంటే ఇబ్రహీంపట్నంలో సగంమంది ముక్కు మీద వేలేసుకుంటారు. వేసుకోనివ్వండి. ప్రతిపదార్థాలు, సంధులు, సమాసాలు చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది. ఇప్పుడు నాకు కావలసింది తీపి. కుట్రలు వద్దు, హత్యలు వద్దు, హీరోయిన్‌కి క్యాన్సరు అసలే వద్దు. ఒక మంచి పిల్ల, ఒక మంచి పిల్లాడు, మధ్యలో చిన్న అపార్థం, చివరి పేజీకల్లా పెళ్ళి. అంతే.

ఆ జంటలంటే నాకు ప్రాణం. ఒక నవలలో బేకరీ నడిపే శాలిని, పశువుల డాక్టరు బాబీ ఉంటారు. వాళ్ళ కథ మూడుసార్లు చదివాను. ఆ బాబీ పెద్ద ఘనకార్యాలేం చేయడు. ఆమె చెయ్యి కాలితే గిన్నెలు తోముతాడు. రోజూ సాయంత్రం "ఈరోజు ఎలా గడిచింది శాలినీ?" అని అడిగి, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా వింటాడు. మొగుడు వినడం! నేను హాల్లో ఫ్యాను కింద కూర్చుని కళ్ళు తుడుచుకునేదాన్ని.

ఈ పుస్తకాలు తెచ్చిపెట్టేది మా కోడలు శాంభవి. విజయవాడ వన్ టౌన్‌లో ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసులో పనిచేస్తుంది. ఆ సందు చివరే సయీదాగారి అద్దె పుస్తకాల షాపు. శుక్రవారం రెండు నవలలు తీసుకుంటుంది, సోమవారానికి గానీ నా చేతిలో పెట్టదు. "బ్యాగులో ఉండిపోయాయి అత్తయ్యగారూ" అంటుంది. నేను సణుగుతాను. నేను చదివేశాక తిరిగి షాపులో ఇచ్చేదీ ఆమే. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్ల కదా, తెలుగు పుస్తకం రుచి ఏం తెలుస్తుందిలే అనుకునేదాన్ని. సరుకుల చీటీ కూడా ఫోన్‌లోనే కొట్టి పంపుతుంది. పెళ్ళయి మూడేళ్ళవుతున్నా ఆమె తెలుగు చేతిరాత నేను చూసి ఎరగను.

అద్దె పుస్తకాల అంచుల్లో పాఠకులు పెన్సిలుతో ఏదో ఒకటి రాయడం ఎప్పటినుంచో ఉన్నదే. "సూపర్" అని ఒకరు, "హీరోయిన్‌కి బుద్ధి లేదు" అని ఒకరు. సయీదాగారు కొన్నాళ్ళు రబ్బరు పెట్టి చెరిపి, విసుగొచ్చి వదిలేశారు. మొన్న ఆషాఢంలో నేను బాబీ నవల మూడోసారి తెప్పించుకున్నాను. "ఎలా గడిచింది" అని అతను అడిగే పేజీలో, పక్కన సన్నటి అక్షరాలు కనిపించాయి. "ఇలా అడిగే మనిషి నిజంగా ఉంటాడా? చదువుతుంటే బాదగా ఉంది."

నాలోని పంతులమ్మ ఊరుకుంటుందా? ఎర్ర పెన్సిలు తీసి "బాద" చుట్టూ సున్నా చుట్టి, కింద రాశాను. "బాధకు ఒత్తు ఉంటుంది." రాశాక పాపం అనిపించి, "ఉంటారమ్మా, ఓపిక పట్టు" అని కూడా కలిపాను.

రెండు వారాల తరవాత వచ్చిన ఇంకో నవలలో అదే చేతిరాత. ఈసారి "బాధ" అని రాసి, ఒత్తును కాగితం చిరిగేలా నొక్కింది. నాకు భలే సంతోషం వేసింది. నా దిద్దుబాటు చూసిందన్నమాట! నాలాగే తీపి మరిగిన మనిషెవరో సయీదాగారి దగ్గర నేను చదివే పుస్తకాలే వెనకా ముందూ తీసుకుంటోందని అనుకున్నాను. కింద ఇంకా ఇలా ఉంది. "నా భర్థ నాతో మాట్లాడి నాలుగు నెలలైంది. పదిమందిలో ఆయన మాట తప్పని చెప్పానని కోపం. కొట్టరు, తిట్టరు. నేను ఇంట్లో లేనట్టే తిరుగుతారు."

"భర్తకు ఒత్తు అక్కర్లేదు" అని దిద్దాను. నా చమత్కారానికి నేనే నవ్వుకున్నాను. ఆ తరవాత అంచు నిండా ఆ మగవాణ్ణి కడిగి పారేశాను. మొద్దు అన్నాను, మూర్ఖుడు అన్నాను, నీ తప్పు ఇసుమంత కూడా లేదని రాశాను.

అలా మా మధ్య నాలుగైదు పుస్తకాల స్నేహం నడిచింది. ముఖం తెలియని ఆ పిల్ల మీద నాకెంత ప్రేమ పుట్టిందంటే, నవల చేతికి రాగానే కథ మానేసి ముందు అంచులు వెతికేదాన్ని.

మా ఇంట్లో అలాంటి గొడవలేం లేవని నా ధీమా. మా అబ్బాయి ప్రణవ్ థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరు, నెమ్మదస్తుడు. పెళ్ళాన్ని నా ఎదుట నేరుగా పలకరించడు. "అమ్మా, టీ పెట్టమను." "అమ్మా, తువ్వాలు ఇమ్మను." శాంభవి మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నా అంతే. నేను ఆ మాట అందుకుని "అమ్మాయ్, టీ పెట్టమంటున్నాడు" అని అందించేదాన్ని. పోయిన మా ఆయన రామ్మూర్తిగారు కూడా మా అత్తగారి ముందు నన్ను అలాగే పిలిచేవారు. పెద్దల ఎదుట మర్యాద అది. గదిలోకి వస్తే ఆయన మాటలకు అడ్డూ ఆపూ ఉండేది కాదు. నా కొడుక్కి తండ్రి మర్యాద అబ్బిందని లోలోపల మురిసిపోయాను కూడా. మొదటి రెండేళ్ళూ వీడే "శాంభవీ, శాంభవీ" అంటూ ఇల్లంతా తిరిగేవాడన్న సంగతి నాకు గుర్తే రాలేదు. బుర్ర ఉన్నవాళ్ళకైతే వచ్చేది.

మార్గశిరంలో ఆ పిల్ల రాసింది చదివితే నా ఒళ్ళు మండిపోయింది. "ఏం కావాలన్నా వాళ్ళమ్మగారితో చెప్పిస్తారు. నాకొక పేరుందని నేనే మర్చిపోయేలా ఉన్నాను. ఈ బాధ ఎవరికి చెప్పాలి?" ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఆ అత్తగారి మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కొడుకు అలా చేస్తుంటే ఆవిడ నోరేమైంది? కళ్ళు కనిపించవా? వెంటనే రాశాను. "మీ అత్తగారికి నోరు విప్పి చెప్పు. ఆవిడా ఆడదే, అర్థం చేసుకుంటుంది. అప్పటికీ మారకపోతే ఆ ఇంట్లో ఉండకు. మీ పుట్టింటికి వెళ్ళిపో." ఒక ఆడపిల్ల బతుకు బాగుచేసినట్టు, ఆ సాయంత్రం కాఫీ కాస్త చిక్కగా కలుపుకుని తాగాను. మర్నాడు శాంభవి ఆ పుస్తకం తీసుకెళ్ళి షాపులో ఇచ్చేసింది.

వారం తిరిగింది. ఆ శనివారం పొద్దున్నే ఆమె స్నానం చేసి, బ్యాగుతో హాల్లోకి వచ్చింది.

"మా అమ్మకి ఒంట్లో బాలేదండీ. పామర్రు వెళ్తున్నాను" అంది. ఒక నవల నా చేతిలో పెట్టింది. "ఈసారి ముందే ఇచ్చేస్తున్నానండీ."

"అయ్యో, ఏమైందే మీ అమ్మకి? సోమవారానికి వచ్చేస్తావా?"

ఆమె వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. పుట్టింటికి వెళ్ళేటప్పుడు ఎన్నడూ పెట్టని మనిషి. నాకు ఆశ్చర్యం వేసింది గానీ, కొత్త నవల చేతిలో ఉంది కదా, ఆ ఆశ్చర్యం ఆటో మలుపు తిరిగేలోపే పోయింది.

మధ్యాహ్నం అన్నం తిని పుస్తకం తెరిచాను. అంచులన్నీ ఖాళీ. దిగులేసింది. పేజీలు తిప్పుకుంటూ పోతే చివర, హీరో హీరోయిన్ మెడలో తాళి కట్టిన పేరా కింద, ఆ సన్నటి అక్షరాలు ఉన్నాయి.

"చెప్పానండీ అత్తయ్యగారూ. ఒత్తు పెట్టమన్నారు."

మొదట అర్థం కాలేదు. రెండోసారి చదివేసరికి తెలిసిపోయింది. సోమవారం దాకా బ్యాగులో ఉండిపోయే పుస్తకాలు, మూడు రోజులు ఆమె చదివి, రాసి, నాకిచ్చిన పుస్తకాలు. నా జవాబులు చూసుకుంటూ మళ్ళీ షాపుకు మోసుకెళ్ళిన పుస్తకాలు. ఉగాది తరవాత ప్రణవ్ స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్ళి, ఇద్దరూ ముఖాలు మాడ్చుకుని తిరిగి రావడం గుర్తొచ్చింది. ఎండకు వడలిపోయి ఉంటారని మజ్జిగ ఇచ్చి ఊరుకున్నాను.

ఆమెకు మొదటినుంచీ తెలుసు. నేను కళ్ళు తెరిచి చూసేది ఆ పేజీలనే అని తెలిసి, అక్కడ నిలబడి నన్ను పిలిచింది. తన బాధ చెప్పుకుంటే నేను తప్పులు దిద్దాను. ఎవరో పరాయి పిల్ల అనుకుని గుండె కరిగించుకుని, ఇంట్లో పిల్లకు మాత్రం రోజూ "పెట్టమంటున్నాడు, ఇమ్మంటున్నాడు" అని అందించాను. సిగ్గుతో ఏడ్చాను. నవలలు చదివి ఏడ్చే ఏడుపు కాదది.

నాలుగింటికి ప్రణవ్ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ అన్నాడు. "అమ్మా, టీ పెట్టమను."

"ఎవర్నిరా?"

వాడు వంటింటి వైపు చూశాడు. "అదే... పెట్టమను."

"పేరు చెప్పు. ఎవర్ని పెట్టమనాలో పేరు పెట్టి చెప్పు."

"ఏంటమ్మా నీ గోల? డ్యూటీ చేసి చేసి వస్తే."

"వెళ్ళిపోయిందిరా. ఎనిమిది నెలలు మన మధ్య గోడకు చెప్పినట్టు చెప్పీ చెప్పీ వెళ్ళిపోయింది. నువ్వు ఫోన్ చెయ్యి."

వాడి ముఖం పాలిపోయింది. చేతిలో బూటు అలాగే ఉంది. ఒక్క క్షణం ఆ పేరు నోటిదాకా వచ్చినట్టే అనిపించింది. కానీ తల దించుకుని, "నువ్వే ఫోన్ చేసి రమ్మనమ్మా" అన్నాడు.

వాణ్ణి కొట్టాలనిపించింది. ముప్పై రెండేళ్ళ మగవాణ్ణి ఏం కొడతాను? ఆ మాట నేర్పింది మా ఇల్లే కదా. టీ మాత్రం పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే విజయవాడ వెళ్ళి పామర్రు బస్సు ఎక్కాను. సంచిలో ఆ నవల ఉంది. ఉయ్యూరు దాటేదాకా చెరుకు ట్రాక్టర్ల వెనకే బస్సు నిదానంగా పోయింది. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో రాసుకుంటూ, కొట్టేసుకుంటూ కూర్చున్నాను. ఇన్నేళ్ళు వ్యాసాలు రాయించినదాన్ని, ఒక్క వాక్యం కుదరలేదు.

వాళ్ళమ్మ నాగవల్లి వరండాలో కూర్చుని మినుములు చెరుగుతోంది. ఒంట్లో నిక్షేపంగా ఉంది. నన్ను చూసి గబగబా లేచింది. ఆ చప్పుడుకు శాంభవి గుమ్మంలోకి వచ్చింది. ఒక్కరోజులో చిక్కిపోయినట్టు కనిపించింది. కాదు, ఎప్పుడో చిక్కిపోయింది, నేను చూసిందే ఆరోజు.

ఈ మూడేళ్ళూ నేను ఆమెను "అమ్మాయ్" అనే పిలిచాను. గొంతు సవరించుకున్నాను.

"శాంభవీ," అన్నాను. "ఈ ఎనిమిది నెలలూ ఎలా గడిచిందమ్మా నీకు?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెదవి కదిలింది. నాకు ఆశ పుట్టింది. ఆమె నా ముఖం మీంచి చూపు తిప్పుకుని, తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఆవిణ్ణి కూర్చోమను. ఎండన పడి వచ్చారు, మంచినీళ్ళు తాగమను."

నాగవల్లి నావైపు, కూతురి వైపు మార్చి మార్చి చూసింది. మా ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం ఉంది.

"కూర్చోండి వదినగారూ," అంది చేట పక్కన పెడుతూ. "మంచినీళ్ళు తాగమంటోంది."

నేను కూర్చున్నాను.